యూఐ టెస్ట్‌లోంచి యాప్ లోపలి విలువను చదవడం ఎలా?

మీ సింక్ మేనేజర్ సింగిల్టన్‌ని (యాప్ మొత్తానికి ఒకటే ఉండే ఆబ్జెక్ట్) ఎక్స్‌సీయూఐటెస్ట్‌లో (యాపిల్ యాప్‌ల స్క్రీన్‌ని వాడి చూసే టెస్ట్ సాధనం) పిలిస్తే పెండింగ్ కౌంట్ (ఇంకా సింక్ కావాల్సినవాటి సంఖ్య) ఎప్పుడూ సున్నాయే వస్తోందన్నారు. ఇదే సున్నా దగ్గర నేను రెండు రోజులు ఇరుక్కున్నాను. మొదట టెస్టబుల్ ఇంపోర్ట్ (యాప్ లోపలి కోడ్‌ని టెస్ట్‌కి అందించే లైన్) పెడితే లింకర్ (కోడ్ ముక్కల్ని కలిపే సాధనం) ఒప్పుకోలేదు. దాంతో సింక్ మేనేజర్ ఫైల్‌ని యూఐ టెస్ట్ టార్గెట్‌లో (టెస్ట్ కోసం విడిగా తయారయ్యే బిల్డ్‌లో) కూడా చేర్చాను. కంపైల్ అయింది, టెస్ట్ నడిచింది, విలువ మాత్రం సున్నా. సింక్ కోడ్‌లోనే తప్పుందనుకుని దాన్నే తవ్వుతూ కూర్చున్నాను.

తప్పు అక్కడ లేదండీ. యూఐ టెస్ట్ నడిచేది యాప్‌లో కాదు, వేరే ప్రాసెస్‌లో (విడిగా నడిచే ప్రోగ్రామ్‌లో). రెండింటి మెమరీ వేరు. ఫైల్‌ని టెస్ట్ టార్గెట్‌లో చేర్చగానే మీ సింగిల్టన్‌కి రెండో ప్రతి పుడుతుంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు కాబట్టి అది ఎప్పుడూ ఖాళీయే. యాప్‌లో ఉన్నది టెస్ట్‌కి మామూలుగా తెలిసేది యాక్సెసిబిలిటీ ట్రీ (స్క్రీన్ మీద ఉన్నవాటిని స్క్రీన్ రీడర్ లాంటి సాధనాలకి చెప్పే జాబితా) ద్వారానే.

అందుకే విలువను ఆ ట్రీలోకే తెచ్చాను. డీబగ్ బిల్డ్‌లో (డెవలపర్లు వాడుకునే వెర్షన్‌లో) మాత్రమే విండో మూలన ఒక్క పాయింట్ సైజు వ్యూ (స్క్రీన్ మీది ముక్క) పెట్టి, దాన్ని యాక్సెసిబిలిటీ ఎలిమెంట్‌గా చేసి, టెస్ట్ వెతుక్కోడానికి ఐడెంటిఫయర్ ఇచ్చాను. యాక్సెసిబిలిటీ వాల్యూ గెటర్‌ని (ఆ విలువ అడిగితే నడిచే కోడ్‌ని) ఓవర్‌రైడ్ చేసి, టెస్ట్ అడిగినప్పుడల్లా అప్పటి కౌంట్ తిరిగిచ్చేలా రాశాను. ఇక్కడ ఒక జాగ్రత్త: వ్యూ కనపడకూడదని హిడెన్ చేసినా, ఆల్ఫా సున్నా పెట్టి పూర్తిగా పారదర్శకం చేసినా అది ట్రీలోంచి కూడా మాయమవుతుంది. బ్యాక్‌గ్రౌండ్ రంగును క్లియర్‌గా ఉంచితే చాలు. యూజర్ ఇంటరాక్షన్ ఆపేయండి, లేకపోతే ఆ మూలన పడే ట్యాప్‌ని అదే మింగేస్తుంది.

విలువ మారేదాకా ఆగాలంటే స్లీప్ (ఊరికే కొన్ని సెకన్లు ఆగడం) వద్దు, ప్రెడికేట్ ఎక్స్‌పెక్టేషన్ (ఇచ్చిన షరతు నిజమయ్యేదాకా ఆగే పద్ధతి) వాడండి.

యాప్‌ని ఫలానా స్థితిలో మొదలుపెట్టాలంటే మాత్రం ఇదంతా అక్కర్లేదు. లాంచ్‌కి ముందు టెస్ట్‌లోంచి లాంచ్ ఎన్విరాన్‌మెంట్‌లో (యాప్ మొదలయ్యేటప్పుడు దానికి అందే సెట్టింగ్‌లలో) విలువ పెట్టి, యాప్‌లో ప్రాసెస్ ఇన్ఫో నుంచి చదువుకోండి. నా టెస్టుల్లో చాలావాటికి ఇదే సరిపోయింది.

ఆండ్రాయిడ్‌లో చేస్తున్నవాళ్లకి ఈ తిప్పలు లేవు. ఎస్ప్రెసో (ఆండ్రాయిడ్ యూఐ టెస్ట్ సాధనం) టెస్ట్ యాప్ ప్రాసెస్‌లోనే నడుస్తుంది కాబట్టి ఆ ఆబ్జెక్ట్‌ని నేరుగా పట్టుకోవచ్చు.

చివరిగా ఒక్క మాట. ఆ వ్యూలో రెండు మూడు విలువలకి మించి పెట్టకండి. మేం మొదట స్టోర్ (యాప్ దాచుకునే డేటా) మొత్తాన్ని జేసన్‌గా (టెక్స్ట్ రూపంలో) పడేశాం. ఒక ఫీల్డ్ పేరు మారిస్తే, స్క్రీన్ మీద ఏమీ చెడకపోయినా, టెస్టులు వరసగా పడిపోయాయి. మీ పెండింగ్ కౌంట్ లెక్క సరిగ్గా ఉందో లేదో చూడటమే మీ ఉద్దేశమైతే దానికి యూనిట్ టెస్ట్ (ఆ కోడ్ ముక్కని విడిగా పరీక్షించే టెస్ట్) రాయండి.