పందికొక్కు ఇంగ్లీషు వేషం

సందేహం: గురువుగారూ, మా అబ్బాయి బ్రిస్బేన్‌లో ఉంటాడు. వాళ్ల పెరట్లోకి రాత్రిళ్లు వచ్చే ఒక జంతువుని అక్కడ బ్యాండికూట్ అంటారట. డిక్షనరీలో చూస్తే పందికొక్కు అని ఉంది. రెండూ ఒకటేనా? పేరు ఎవరి నుంచి ఎవరికి వెళ్లింది?

సమాధానం: అమ్మా, పేరు మనదే, జంతువు మాత్రం మనది కాదు. పందికొక్కు నుంచే బ్యాండికూట్ వచ్చిందని 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు దగ్గర్నుంచి ఇంగ్లీషువాళ్లే ఒప్పుకుంటున్నారు. మన ‘ప’ని గాలి వదలకుండా పలుకుతాం కదా, అది వాళ్ల చెవికి ‘బ’ లాగా వినపడి ఉంటుంది, చివరి తోక వాళ్ల నోటికి తగ్గట్టు కత్తిరించుకున్నారు.

నాకు ముచ్చటంతా ‘కొక్కు’ మీదే. కొక్కు అన్నా పెద్ద ఎలుకే, మరి ముందు పంది ఎందుకంటారా, గాదె కింద దాన్ని ఒక్కసారి చూసినవాళ్లు ఆ ప్రశ్న వెయ్యరు, ఒంటినిండా ముతక వెంట్రుకలు, బెదిరిస్తే గుర్రుమంటుంది, పొలంలో అయితే కలుగు ముందు మట్టి కుప్ప పోసి లోపల వరి వెన్నులు దాస్తుంది. వినాయకుడికి కొక్కురౌతు అని పేరుంది మనకి. రౌతు అంటే స్వారీ చేసేవాడు. ఆ బొజ్జకి చిట్టెలుక ఏం ఆగుతుంది చెప్పండి! చవితి వస్తే టీవీ యాంకర్లు మూషికవాహనుడు దాటి ఒక్క అడుగు వెయ్యరు, ఇంత చక్కని మాట ఒకసారి అంటే నోరు అరుగుతుందా?

ఆస్ట్రేలియాది ఎలుక జాతే కాదు, కంగారూలాగా పొట్టకి సంచి ఉంటుంది, మట్టి తవ్వేటప్పుడు దుమ్ము పడకుండా ఆ సంచి మూతి వెనక్కి తిరిగి ఉంటుంది. 18వ శతాబ్దం చివర్లో అక్కడికెళ్లిన ఇంగ్లీషువాళ్లు, ఇండియాలో విన్న పేరు దీనికి తగిలించేశారు. మ్యాన్‌హోల్ శుభ్రం చేసే కేరళ రోబో పేరు కూడా బ్యాండికూటే. అలాగని ఇంగ్లీషువాళ్లు పడవకి వాడే కాటమరాన్ అనే మాటని కూడా మన ఖాతాలో వేసుకోకండి, అది తమిళుల కట్టుమరం.

మీ అబ్బాయి పెరట్లోదాన్ని తెలుగులో బ్యాండికూట్ అనే రాయడం మేలేమో, ‘సంచికొక్కు’ అన్నా నేను కాదనను, జంతుశాస్త్రం వాళ్ల సంగతి చెప్పలేను. మన ఇళ్లలోదాన్ని పట్టుకుని ‘బ్యాండికూట్ ర్యాట్స్ బెడదా?’ అని యాడ్లు వేసేవాళ్లకి మాత్రం పందికొక్కు అనడానికి సిగ్గెందుకో!