బయాలజీ, బొమ్మలు రెండూ కావాలంటే

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ. బొమ్మలు బాగా వేస్తుంది. సైంటిస్టునూ అవుతా, ఆర్టిస్టునూ అవుతా అంటోంది. ఇది రెండు పడవల మీద కాళ్లు పెట్టడం కాదా?

జవాబు: కాదండీ. ఆమె చెబుతున్నది ఒకే పడవ. 1906లో నోబెల్ అందుకున్న స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ మైక్రోస్కోపులో చూసిన నాడీకణాలను తన చేత్తోనే గీశారు. అమెరికాలో డేవిడ్ గుడ్‌సెల్ ప్రోటీన్ల మీద పరిశోధన చేస్తూనే కణం లోపలి దృశ్యాన్ని నీటిరంగుల్లో వేస్తారు. అంతదాకా ఎందుకు, స్కాట్లండ్ వైద్యుడు ప్యాట్రిక్ రసెల్ మన విశాఖలో సేకరించిన 200 చేపల వర్ణనలు, బొమ్మలు 1803లోనే లండన్‌లో అచ్చయ్యాయి. వాటిలో చాలా చేపలకు ఆయన ఇక్కడివాళ్లు పిలిచే పేర్లే రాసుకున్నాడు. కానాగంత చేప (ఇండియన్ మాకెరెల్) శాస్త్రీయ నామంలోని ‘కనగుర్తా’ అలా వచ్చిందే.

ఆ కానాగంతతోనే మొదలుపెట్టించండి. పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌లో తాజా చేప తెచ్చి, ముందు రంగులు నోట్ చేయించండి. ఆలస్యమైతే పాలిపోతాయి. తల ఎడమవైపు ఉండేలా థర్మోకోల్ మీద పెట్టి, రెక్కలు విప్పి గుండుసూదులతో నిలపాలి. మూతి కొన నుంచి తోక చీలిక దాకా కొలిచి, మిగతావన్నీ డివైడర్‌తో ఆ కొలతకు సరిచూడాలి. వీపు మీది రెండో రెక్కకూ తోకకూ మధ్య 5 చిట్టి రెక్కలుంటాయి, కింది వైపూ అన్నే. చెయ్యి పొరపాటు చేసేది ఇక్కడే. బొమ్మ నిండుగా కనబడాలని ఆరోది గీస్తే అది కానాగంత కాదు.

ఇంకు పనికి 0.1, 0.3 మిల్లీమీటర్ల మొన ఉన్న పెన్నులు చాలు. అచ్చులో ఉండాల్సిన సైజుకు రెట్టింపు గీయాలి. నీడ చూపడానికి పెట్టే చుక్కలు మరీ దగ్గరగా పడితే కుదించినప్పుడు కలిసిపోయి నల్లమచ్చ అవుతుంది. ‘రెండు రెట్లు’ అని రాయకుండా పక్కన స్కేల్ గీత పెట్టాలి. సైజు ఎంత మార్చినా బొమ్మతో పాటే ఆ గీతా మారుతుంది. స్కాన్ 600 డీపీఐకి (అంగుళానికి 600 చుక్కలకు) తగ్గొద్దు.

డిగ్రీ మాత్రం సైన్స్‌లోనే చేయించమంటాను. డ్రాయింగ్ ఇంట్లో సాధన చేసుకోవచ్చు; ల్యాబ్ పని బయట దొరకదు, ముందు ముందు పీహెచ్‌డీకి ఆ డిగ్రీయే కావాలి. బీఎస్సీ తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలోనే జువాలజీ, బోటనీ పీజీలున్నాయి. అలా కాకుండా ఇంటర్ కాగానే తిరుపతి ఐసర్ (కేంద్ర సైన్స్ విద్యా పరిశోధన సంస్థ) వైపు చూస్తే దాని ప్రవేశ పరీక్ష ఐఏటీ రాయాలి. అందులో 60 ప్రశ్నల్లో 15 లెక్కలవి. బైపీసీ పిల్లలు తడబడేది అక్కడే, కాబట్టి లెక్కలు ఇప్పుడే మొదలుపెట్టాలి.

ఉద్యోగం మాటకొస్తే, సైంటిఫిక్ ఇలస్ట్రేటర్ పేరుతో నోటిఫికేషన్లు వస్తాయని ఎదురుచూడొద్దు. జీతం పరిశోధన మీద, పాఠాల మీద వస్తుంది. పేపర్లకు, పాఠ్యపుస్తకాలకు, జూ బోర్డులకు వేసే బొమ్మలు దానికి తోడు. కంప్యూటర్ మీద బొమ్మలు వేయడానికి ఇంక్‌స్కేప్, క్రిటా అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి.

ఇంటర్నెట్ ఫొటోలు చూసి వేసినవి పోర్ట్‌ఫోలియోలో పెట్టనివ్వొద్దు. కాపీరైట్ చిక్కు ఒకటి, ఫొటోలో కోణం వల్ల కొలతలు తప్పడం ఇంకొకటి. ప్రతి బొమ్మ వెనక జీవి దొరికిన చోటు, తేదీ, పొడవు రాయించండి. పరీక్షలయ్యేదాకా ఆదివారం రెండు గంటలు చాలు, వారానికో జీవి.