ఉప్పునీటి ట్యాంకులో పగడాలు పాలిపోతుంటే

ప్రశ్న: 120 లీటర్ల ఉప్పునీటి అక్వేరియంలో లెదర్ కోరల్, జోయాంథిడ్లు అనే పగడపు రకాలు పెంచుతున్నాం. రోజూ లీటరున్నర నీరు ఆవిరైపోతోంది. రుషికొండ బీచ్ నుంచి తెచ్చిన సముద్రపు నీటితో నింపుతున్నాం. ఎండలు ముదిరాక ట్యాంకు నీరు 31 డిగ్రీలకు చేరింది. లెదర్ కోరల్ మూడు వారాలుగా ముడుచుకునే ఉంది, జోయాంథిడ్లు పాలిపోతున్నాయి. లైటు పెంచమంటారా?
– ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: పెంచకండి, తగ్గించండి. పగడానికి తిండిలో చాలా భాగం దాని ఒంట్లో ఉండే సూక్ష్మ శైవలాలే (కంటికి కనపడని నాచు) పెడతాయి. నీరు వేడెక్కితే అవి వెలుతురును తట్టుకోలేవు. పగడానికి హాని చేసే ఆక్సిజన్ రూపాలను వదులుతాయి. దాంతో పగడం వాటిని బయటికి నెట్టేస్తుంది. పాలిపోవడమంటే అదే.

దీనికి తోడు ఇంకో పొరపాటు మీరు నింపే నీటిలో ఉంది. ఆవిరయ్యేది నీరొక్కటే, ఉప్పు ట్యాంకులోనే మిగులుతుంది. లీటరున్నర సముద్రపు నీటితో రోజుకు దాదాపు 50 గ్రాముల ఉప్పు అదనంగా చేరుతోంది. లీటరుకు 35 గ్రాములు ఉండాల్సింది పది రోజుల్లో 39కి ఎక్కుతుంది. ముందు రిఫ్రాక్టోమీటర్‌ను (నీటిలో ఉప్పు కొలిచే పరికరం) 35 గ్రాముల ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకుని కొలవండి. ఎక్కువుంటే రోజుకు లీటరుకు ఒక గ్రాముకు మించి దించకండి: 3 లీటర్ల ట్యాంకు నీరు తీసి, అంతే ఆర్వో నీటిని పంపు ప్రవాహం దగ్గర నిదానంగా పోయండి. ఇకపై ఆవిరైన నీటికి బదులుగా కూడా ఆర్వో నీరే. ఇంటి ఆర్వోలో మినరల్ కార్ట్రిడ్జ్, టీడీఎస్ కంట్రోలర్ ఉంటే వాటికి ముందే నీళ్లు పట్టి, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గుండా పంపండి. టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలు కొలిచేది) సున్నా చూపాలి. ఇత్తడి కుళాయిలు, గొట్టాలు వాడొద్దు. వాటి నుంచి దిగే రాగి పగడాలకు విషం.

వేడి 25, 26 డిగ్రీలకు దిగాలి. ఆవిరితోనే చల్లబరిచే ఫ్యాను విశాఖ ఉక్కపోతలో అంతగా పనిచేయదు. పైగా నీరు ఇంకా తగ్గిపోతుంది. చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) పెట్టడమే మేలు. దాని వేడిగాలి క్యాబినెట్‌లో చిక్కుకోకుండా బయట ఉంచండి. లైటు ప్రస్తుతానికి సగానికి తగ్గించి, రోజుకు 6 గంటలే వెలిగించండి. కరెంటు పోతే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు తప్పనిసరి, ఎందుకంటే వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ.

లెదర్ కోరల్ అప్పుడప్పుడు నాలుగైదు రోజులు ముడుచుకుని, మైనంలాంటి పొర విడిచి మళ్లీ విచ్చుకుంటుంది. అది మామూలే. మూడు వారాలు మామూలు కాదు. జోయాంథిడ్లను మాత్రం చేతి తొడుగులు లేకుండా తాకకండి. కొన్ని రకాల్లో పాలిటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉంటుంది.

ప్రశ్న: భీమిలి వైపు సముద్రపు రాళ్లకు పట్టిన పగడాన్ని తెచ్చి పెట్టుకోవచ్చా?

జవాబు: వద్దండీ. గట్టి పగడాలు, సీ ఫ్యాన్లు (విసనకర్రలా ఉండే పగడాలు) 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. వాటిని సముద్రం నుంచి తీయడం నేరం.