ఫ్రిజ్‌లో గ్యాస్ ‘అయిపోదు’, మనమే వదిలేస్తాం

“మా పాత ఫ్రిజ్‌లో సీఎఫ్‌సీ (క్లోరోఫ్లోరోకార్బన్) గ్యాస్ ఉందట, ఇంట్లో ఉంచుకుంటే ప్రమాదమా?” అని ఒకరు అడిగారు. ఏమీ కాదు, ఉంచుకోండి. గొట్టంలో ఉన్నంతకాలం దాని జోలికి మనం పోకపోతే అది మన జోలికి రాదు. నేను దాని జోలికి పోయాను.

1994 మే, గుంటూరు. మాది 165 లీటర్ల సింగిల్ డోర్. మంచు పేరుకుని ఐస్ ట్రే ఇరుక్కుపోయింది. డీఫ్రాస్ట్ నొక్కి గంట ఆగలేక కూరగాయల కత్తితో పొడిచాను. మూడో పోటుకి ‘స్స్‌స్’మంది. వేలు అడ్డం పెడితే నిప్పు తగిలినట్టు చురుక్కుమంది. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెళ్లి వంట సిలిండర్ కట్టేసింది. తీరా చూస్తే వాసనే లేదు.

మెకానిక్ నవ్వాడు. “ఆర్-12 అమ్మా, అగ్గిపుల్ల గీసినా అంటుకోదు.” ఆర్-12 అంటే సీఎఫ్‌సీల్లో ఒక రకం. అంటుకోదనేగా కార్ల ఏసీల్లో, సెంటు స్ప్రేల్లో, చివరికి మా తాతయ్య ఆస్తమా ఇన్‌హేలర్‌లో కూడా ఈ జాతి గ్యాసులే వాడారు! దేనితోనూ రసాయనిక చర్య జరపదు కాబట్టి చెక్కుచెదరకుండా ఇరవై పాతిక కిలోమీటర్ల పైకి పోతుంది. అక్కడ అతినీలలోహిత కిరణాలకి విరిగి క్లోరిన్ వదులుతుంది. ఒక్కో క్లోరిన్ పరమాణువు ఆ కిరణాల నుంచి మనల్ని కాపాడే ఓజోన్ అణువుల్ని వేలల్లో పాడుచేస్తుంది. మోలినా, రోలండ్ అనే రసాయన శాస్త్రవేత్తలు ఈ సంగతి 1974లోనే చెప్పారు. ఇరవై ఏళ్లయినా మా వీధికి ఆ కబురు అందలేదు. ఆ మెకానిక్ చిల్లు అతికించి, “లైన్ కడగాలి” అంటూ కొత్త గ్యాసే ఇంకొంత గాల్లోకి వదిలాడు. నాకంటే పెద్ద పాపం అతనిదే!

మన దేశంలో 2010 నుంచి వీటి వాడకం దాదాపు ఆగిపోయింది. కానీ “గ్యాస్ అయిపోయింది సార్” అనే మాట మాత్రం ఆగలేదు. అయిపోవడానికి అదేమన్నా పెట్రోలా? లీకుంటేనే తగ్గుతుంది. లీకు వెతకకుండా ఏటా ఏసీలో గ్యాస్ నింపి డబ్బులు గుంజే వాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. సబ్బు నురగ రాసి, బుడగలొచ్చే లీకు ఎక్కడో చూపించమనండి, సగంమంది నీళ్లు నములుతారు.

మీ ఫ్రిజ్‌ని పాతసామాన్లవాడికి మాత్రం ఇవ్వకండి, గొట్టం తుంచి గ్యాస్ వదిలేస్తాడు. కొత్తది కొంటే కత్తి దూరంగా పెట్టండి. ఇప్పుడు చాలావాటిలో ఉండే ఆర్-600ఏ గ్యాస్ అంటుకునే రకం.

మా అమ్మ ఇప్పటికీ నెలకోసారి ఫ్రిజ్ కట్టేసి, కింద పాత తువ్వాలు పరుస్తుంది. ఇది ఫ్రాస్ట్ ఫ్రీ, మంచే కట్టదంటే వినదు.