హుడ్ గొంతు పట్టేస్తోందన్నావు కదా

నాషువా, న్యూ హాంప్‌షైర్
డిసెంబరు మొదటి ఆదివారం

బంగారుతల్లికి,

నిన్న నువ్వు ఫోన్‌లో చెప్పిన సంగతి రాత్రంతా నా మనసులోనే తిరిగింది. రై అనే ఊరి జెన్నెస్ బీచ్ దగ్గర సర్ఫింగ్‌కి నీళ్ళలోకి దిగిన పావుగంటకే హుడ్, అదే చలికి తలా చెవులూ మెడా కప్పే ఆ రబ్బరు టోపీ, గొంతు పట్టేస్తోందని వెనక్కి లాగేసుకున్నానన్నావు. ఒట్టి తలతో ఇంకో అరగంట ఉన్నావట. కెరటం కింద మునిగిన ప్రతిసారీ నుదుటి మీద మేకు కొట్టినట్టు నొప్పి వచ్చిందన్నావు, ఒడ్డుకొచ్చాక బూట్లు విప్పడానికి వేళ్ళు వంగలేదన్నావు. అంతా చెప్పి, చివర "అలవాటైపోతుందిలే అత్తా, ఓర్చుకుంటాను" అన్నావు. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

మన ఇళ్ళలో ఆడపిల్లలకి ఓర్చుకోవడం నడకతోపాటే నేర్పుతారు. చెప్పు కరిచినా ఓర్చుకో, జడ బిగుతైనా ఓర్చుకో. నేనూ అలాగే పెరిగాను. అమ్మలూ, ఆ ఓర్పు మంచి కెరటం కోసం కూర్చునేటప్పుడు పనికొస్తుంది. బిగుతు హుడ్‌ని మాత్రం ఓర్చుకోకు, హుడ్ లేని చలినీ ఓర్చుకోకు. సరిగ్గా అమరిన హుడ్ ఐదు నిమిషాలకి తల మీద ఉందన్న ధ్యాసే ఉండదు. ధ్యాస పోవడం లేదంటే ఎక్కడో సరిచెయ్యాల్సింది ఉందన్నమాట.

ముందు నీ గొంతు సంగతి చూద్దాం. నువ్వు పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. లోపల నిలువు కాలరున్న రాష్ గార్డ్, అంటే ఒంటికి అంటుకునే ఆ పల్చటి చొక్కా, దాని మీద విడి హుడ్ తాలూకు మెడ పట్టీ, దాని మీద వెట్‌సూట్ అనే రబ్బరు సూటు మెడ. అంటే నీ గొంతు చుట్టూ మూడు బిగింపులున్నాయి. ఒక్కొక్కటీ విడిగా సుఖంగానే ఉంటుంది, మూడూ కలిస్తే ఉరి. ఆ రాష్ గార్డ్ ఇవాళే తీసెయ్యి. చలికి ఇంకో పొర కావాలనుకుంటే హుడ్ కలిసే ఉన్న పల్చటి వెస్టులు దొరుకుతాయి, చేతుల్లేని బనీనులాగా. వెస్టు ముందు వేసుకుని దాని మీద సూటు వేసుకుంటే మెడ దగ్గర ఒక పొర తగ్గుతుంది.

రెండోది నీ జుట్టు. ముడి చుట్టి, సరిగ్గా మెడ వెనక గుంటలో పెట్టుకున్నావు. ఆ ముడి హుడ్‌ని వెనక్కి గుంజుతుంది, వెనక్కి గుంజినంతా ముందు గొంతు మీద పడుతుంది. పైగా బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్ళు తోస్తూ పాడిల్ చేసేటప్పుడు తల ఎత్తే ఉంచాలి కదా, అప్పుడు ముడి మరీ ఒత్తుకుంటుంది. నాకు ఈ కిటుకు తెలియడానికి రెండు చలికాలాలు పట్టింది. జుట్టు మొత్తం తడిపి, వదులుగా ఒంటి జడ అల్లు. హుడ్ వేసుకునే ముందు ఆ జడని వీపు మీదుగా సూటు లోపలికి వదిలెయ్యి. క్లిప్పులు, సవరాలు, లావు రబ్బరు బ్యాండ్లు ఏవీ వద్దు, పల్చటి గుడ్డ బ్యాండు చాలు. ఆ రోజు పొద్దున తలకి నూనె రాయకు. నూనె తల మీద హుడ్ నిలవదు, కళ్ళ మీదికి జారుతుంది, నూనె వాసన హుడ్ తాలూకు రబ్బరులో, అదే నియోప్రీన్‌లో, ఇంకిపోతే ఎన్ని ఉతుకులకీ వదలదు. చెవి కమ్మలు, ముక్కుపుడక ఇంట్లో పెట్టి రా. హుడ్ లాగేటప్పుడు కమ్మ తగులుకుంటే తమ్మె చీరుకుపోతుంది. మీ నానమ్మ బోసి చెవులు చూసి ఏమన్నా అంటే నా పేరు చెప్పు.

ఇప్పుడు నేను ఎవరికీ పెద్దగా చెప్పని సంగతి ఒకటి. నా మొదటి హుడ్ తగ్గింపు ధరలో వచ్చిందని కొన్నాను, నా తలకి ఒక సైజు చిన్నది. కొట్లో కుర్రాడు వాడగా వాడగా సాగుతుందన్నాడు. కొంత సాగుతుంది, నిజమే, కానీ సైజు మారేంత సాగదు. ఒక ఫిబ్రవరి పొద్దున హాంప్టన్ బీచ్‌లో గట్టిగా పాడిల్ చేస్తుంటే కళ్ళ ముందు మసకలు కమ్మాయి, చేతులు తేలిపోయినట్టయ్యాయి. చలివల్లేమో అనుకున్నాను. అదృష్టం కొద్దీ పక్కనున్నాయన నా మొహం చూసి హుడ్ అంచు ముందుకి లాగాడు, నిమిషంలో కళ్ళు తేటపడ్డాయి. తర్వాత డాక్టరు చెప్పింది ఇదీ. దవడ కింద, మెడకి రెండు పక్కలా, మెదడుకి వెళ్ళే రక్తనాళంలో రక్తపోటుని కనిపెట్టే చోటు ఉంటుంది. బయటినుంచి అక్కడ గట్టిగా నొక్కుకుంటే రక్తపోటు పెరిగిందని శరీరం పొరబడి గుండె వేగాన్ని తగ్గించేస్తుంది. డైవింగ్ చేసేవాళ్ళకి ఇది బాగా తెలిసిన ప్రమాదం. గొంతు పట్టేస్తోందని నువ్వనగానే నా గుండె ఝల్లుమన్నది అందుకే. నీళ్ళలో ఎప్పుడైనా తల తేలినట్టనిపిస్తే కెరటం సంగతి మర్చిపో. మెడ దగ్గర వేలు దూర్చి అంచు లాగి, నీళ్ళు లోపలికి పోతే పోనీ, ఒడ్డుకి వచ్చెయ్యి.

కాబట్టి హుడ్ కొనే ముందు టేపుతో రెండు కొలతలు తీసుకో. ఒకటి కనుబొమల పైన తల చుట్టూ, ఇంకోటి మెడ చుట్టూ. ఒక్కో కంపెనీ సైజు ఒక్కోలా ఉంటుంది, వాళ్ళ పట్టికలో చూసుకో. వేసుకున్నాక మొహం దగ్గరి అంచు పైన కనుబొమలకి కాస్త ఎగువన, కింద గడ్డానికి సరిగ్గా అడుగున ఆనాలి. అప్పుడు గుటక వెయ్యి, ఆవులించు, ఆకాశం చూడు, రెండు భుజాల వైపూ తిరిగి చూడు. గుటక కష్టమైతే చిన్నది. తల తిప్పినప్పుడు హుడ్ అక్కడే ఉండిపోయి నీ కన్ను గుడ్డకి తగిలితే పెద్దది. పెద్దదైతే గొంతు హాయిగానే ఉంటుంది, కానీ మునిగిన ప్రతిసారీ చన్నీళ్ళు బకెట్‌తో పోసినట్టు లోపలికి వస్తాయి.

కాస్త నీళ్ళు రావడం తప్పు కాదు, అది కూడా తెలుసుకో. మన తాతయ్య లంబసింగి వెళ్ళినప్పుడు పెట్టుకునే మంకీ క్యాప్ పొడిగా ఉంటేనే వెచ్చన. నియోప్రీన్ పని వేరు. ఆ రబ్బరులో సన్నటి గాలి బుడగలుంటాయి, చలిని ఆపేది అవే. 1950ల మొదట్లో కాలిఫోర్నియాలో హ్యూ బ్రాడ్నర్ అనే భౌతిక శాస్త్రవేత్త పట్టుకున్న కీలకం ఇదే. బుడగలున్న పదార్థం ఒంటికి అంటి ఉంటే మనిషి తడిసినా వెచ్చగా ఉండొచ్చు. లోపలికి చేరిన పల్చటి నీటిపొర నీ ఒంటి వేడికే వెచ్చబడి నిలుస్తుంది. ఆ నీరు బయటికి పోయి కొత్త చన్నీరు వస్తూ ఉంటేనే చిక్కు. అందుకని నేను చిన్న ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్ళు తెచ్చుకుని, దిగే ముందు హుడ్‌లో కాసిని పోసుకుంటాను. మొదటి మునక చాలా తేలికవుతుంది.

రకాల విషయానికొస్తే, ఇక్కడి చలికాలానికి నా ఓటు సూటుకే కలిసి వచ్చే హుడ్‌కి. మెడ దగ్గర సందు ఉండదు, బిగింపు ఒక్కటే. ఇప్పుడు నీళ్ళు 46, 47 ఫారెన్‌హీట్ దగ్గరున్నాయి, అంటే మన లెక్కలో 8 డిగ్రీలు. సముద్రం గాలికన్నా నెమ్మదిగా చల్లబడుతుంది, అందుకే అసలు చలి ఫిబ్రవరి, మార్చిలో వస్తుంది, 40 ఫారెన్‌హీట్ దాకా దిగుతుంది. మంచి కెరటాలు తెచ్చే నార్ఈస్టర్ తుఫానులూ, అంటే ఈశాన్య గాలులతో ఈ తీరాన్ని కొట్టేవి, ఆ చలిలోనే వస్తాయి. మన ఋషికొండ నీళ్ళు జనవరిలో కూడా 25 డిగ్రీల దగ్గరుంటాయి, అక్కడ నేర్చుకున్న ఒంటితో ఇక్కడ లెక్కలు వెయ్యకు. 5/4 గాని 6/5 గాని హుడ్‌తో ఉన్న సూటు తీసుకో, ఆ అంకెలు మిల్లీమీటర్లలో రబ్బరు మందం, మొదటిది మొండేనికి, రెండోది చేతులకీ కాళ్ళకీ. ఖరీదే, కొంత డబ్బు నేనిస్తాను, మీ నాన్నకి చెప్పక్కర్లేదు. నుదుటి మీద చూరులాంటి అంచున్న హుడ్‌లు కూడా ఉంటాయి. కంట్లోకి నీళ్ళు కారవు గాని, డక్ డైవ్ చేసేటప్పుడు, అంటే బోర్డుతో సహా కెరటం కిందుగా మునిగి దాటేటప్పుడు, కెరటం ఆ అంచుని పట్టుకుని లాగుతుంది. నాకు నచ్చవు.

వేసుకునే వరస గుర్తుంచుకో. సూటు కాళ్ళు, బూట్లు, చేతులు, తర్వాత హుడ్, అన్నిటికన్నా చివర గ్లోవ్స్. గ్లోవ్స్ ముందు వేసుకుంటే చెంప దగ్గర మడత పడినా సరిచేసుకోలేవు, ఆ మడతే గంటలో పుండవుతుంది. హుడ్‌లోకి తల దూర్చేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి, నడినెత్తి ముందు పోనిచ్చి, మొహం అంచుని రెండు చేతులా వెడల్పు చేసి కిందికి లాగు. గోళ్ళతో లాగకు, చిరుగుతుంది. తల లోపల ఇరుక్కున్న ఆ రెండు క్షణాల్లో ఊపిరాడనట్టుంటుంది, కంగారు పడకు. ఇంట్లో పొయ్యి మీద టీ పెట్టి, అది మరిగేదాకా హుడ్ వేసుకుని తిరుగు. నాలుగు రోజులు అలా చేస్తే ఆ భయం దానంతటదే పోతుంది. గడ్డం కింద ఒరుసుకునే చోట మొక్కల మైనంతో చేసిన బామ్ పల్చగా రాసుకో. పెట్రోలియం జెల్లీ వద్దు, రబ్బరుకి మంచిది కాదు.

ఇక చెవులు. ఇది మాత్రం మనసు పెట్టి చదువు.

చన్నీళ్ళూ చలిగాలీ ఏళ్ళ తరబడి చెవి గొట్టానికి తగులుతూ ఉంటే లోపలి ఎముక కొంచెం కొంచెంగా పెరిగి దారి మూసుకొస్తుంది. సర్ఫర్స్ ఇయర్ అంటారు. నొప్పి ఉండదు కాబట్టి తెలియదు. నీళ్ళు లోపలే నిలిచిపోతాయి, ఇన్ఫెక్షన్లు వస్తాయి, వినికిడి తగ్గుతుంది, మరీ ముదిరితే ఆ ఎముకని ఆపరేషన్ చేసి చెక్కాల్సిందే. నాది ఎడమ చెవి. డాక్టరు మూడో వంతు మూసుకుందన్నాడు. మొదటి ఏళ్ళలో "ఇంత చలికే హుడ్ ఎందుకు" అనుకుని అక్టోబరు, నవంబరు, మే నెలల్లో ఒట్టి తలతో దిగినందుకు వచ్చిన ఫలితం. పెరిగిన ఎముక తిరిగి తగ్గదు తల్లీ. నీ చెవులు ఇంకా శుభ్రంగా ఉన్నాయి, అలాగే ఉంచుకో. హుడ్ కింద సర్ఫింగ్ కోసమే చేసిన ఇయర్ ప్లగ్స్ పెట్టుకో, మాటలు కొంత వినిపించేవి దొరుకుతాయి.

ఇంకొకటి కూడా ఉంది. చన్నీళ్ళు ఒక చెవిలోకి మాత్రమే దూసుకుపోతే కళ్ళు తిరుగుతాయి. చెవి లోపల తూకం చూసే గొట్టాల్లోని ద్రవం ఒక పక్కే చల్లబడి కదలడం వల్ల అది. వియన్నాలో రాబర్ట్ బారనీ అనే వైద్యుడు రోగుల చెవులు కడుగుతూ దీన్ని కనిపెట్టాడు, ఆ పరిశోధనలకి 1914 నోబెల్ బహుమతి వచ్చింది. హుడ్ ఒక పక్క వదులై నీళ్ళు కొడితే నీకూ అదే జరుగుతుంది, ఏది పైనో ఏది కిందో తెలియదు. భయపడకు. బోర్డు గట్టిగా పట్టుకుని కదలకుండా ఉండు, కాసేపట్లో తగ్గిపోతుంది. ప్లగ్స్ పెట్టుకుంటే ఇది దాదాపు రాదు.

తలలోంచి సగం వేడి పోతుందని నీ స్నేహితురాలు చెప్పిందన్నావు. అది నిజం కాదు, తల మన ఒంట్లో పదో వంతు కూడా ఉండదు. కానీ చలికి చేతుల్లో రక్తనాళాలు ముడుచుకున్నట్టు నెత్తిమీదివి ముడుచుకోవు. తల నీళ్ళలో మునుగుతూ ఉంటే ఒంటి లోపలి వేడి తొందరగా దిగుతుంది. వేళ్ళు వంగలేదన్నావు చూడు, దాంట్లో గ్లోవ్స్ తప్పుకన్నా ఒట్టి తల తప్పే ఎక్కువ ఉండి ఉంటుంది.

హుడ్‌లో వినికిడి తగ్గుతుంది కాబట్టి పక్కవాళ్ళు అరిచినా తెలియదు. కెరటం అందుకునే ముందు తల ఒక్కటే తిప్పి ఊరుకోకు, భుజాలతో సహా తిరిగి రెండు వైపులా చూడు. నీళ్ళలోకి దిగగానే తల ముంచెయ్యకు. మొదటి రెండు మూడు నిమిషాలు ఊపిరి దానంతటదే ఎగబీలుస్తుంది, అది సర్దుకునేదాకా నడుము లోతులో నిలబడి మొహం మీద నీళ్ళు చల్లుకో. బయటికొచ్చాక హుడ్ వీలైనంత చివర తియ్యి. కారు దగ్గర కొట్టే గాలి నీళ్ళకన్నా కఠినం. ఒడ్డెక్కాక కూడా కాసేపు ఒంటి వేడి దిగుతూనే ఉంటుంది, వెంటనే స్టీరింగు పట్టకు. తల తుడుచుకుని ఉన్ని టోపీ పెట్టుకుని, వేడిగా ఏదైనా తాగి, వణుకు ఆగాక బయలుదేరు.

ఇంటికొచ్చి మంచినీళ్ళలో హుడ్ జాడించి, తిరగేసి, బోర్లించిన గిన్నె మీద ఆరేస్తే ఆకారం చెడదు. హీటరు మీద పెట్టకు.

వచ్చే శనివారం పొద్దున ఎనిమిదింటికి జెన్నెస్ పార్కింగ్ దగ్గర ఉంటాను. నా దగ్గర రెండు సైజుల విడి హుడ్‌లున్నాయి, కొనే ముందు రెండూ వేసి చూద్దాం. నువ్వు టేపు, ఇయర్ ప్లగ్స్ తెచ్చుకో. ఆ రాష్ గార్డ్ తేకు. అల్లం టీ నేను పట్టుకొస్తాను.

ప్రేమతో,
మీ అత్త