ఆర్జినేజ్ ఎక్కువైతే ఇన్‌ఫ్లమేషన్ వస్తుందా? టెస్ట్ చేయించుకోవాలా?

మీరు అడిగినవి రెండు. ఆర్జినేజ్ అనే ఎంజైమ్ పెరిగితే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు, మంట) పెరుగుతుందన్నది నిజమేనా, నిజమైతే టెస్ట్ చేయించుకుని ఎల్-ఆర్జినిన్ (ప్రొటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం) పొడి తాగాలా అని. రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తున్నా, వద్దు. మొదటిదే కాస్త చిక్కు, ఎందుకంటే ఆ ఎంజైమ్ ఎంత ఉందన్నదాని కంటే ఎక్కడ ఉందన్నదే అసలు సంగతి.

నేను డాక్టర్‌ని కాదు. బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో కొన్నాళ్లు ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా ఉన్నాను, అక్కడ నా పని చాలావరకు ఈ ఆర్జినేజ్‌ని కొలవడమే.

ఇది ప్రధానంగా లివర్ కణాల లోపల ఉంటుంది. మనం తిన్న ప్రొటీన్ నుంచి పుట్టే అమ్మోనియా విషం కాబట్టి లివర్ దాన్ని యూరియాగా మార్చి మూత్రంలో పంపేస్తుంది కదా, ఆ పనిలో చివరి మెట్టు దీనిదే. ఆర్జినిన్‌ని విరగ్గొట్టి యూరియా, ఆర్నిథిన్ ఇస్తుంది. పుట్టుకతోనే ఈ ఎంజైమ్ పనిచేయని పిల్లలు ఉంటారు, చాలా అరుదు. మొదట్లో బాగానే ఉండి, రెండు మూడేళ్లు దాటాక కాళ్లు బిగుసుకుపోతాయి, మునివేళ్ల మీద నడుస్తారు, ఎదుగుదల వెనకబడుతుంది. కాబట్టి వీడియోల్లో ఎవరైనా "ఆర్జినేజ్‌ని తగ్గించుకోండి" అంటే నాకు ఒళ్లు మండుతుంది.

మరి గొడవ ఎక్కడొస్తుందంటే, రక్తనాళాలు వదులయ్యేందుకు కావాల్సిన నైట్రిక్ ఆక్సైడ్ కూడా ఇదే ఆర్జినిన్‌తోనే తయారవుతుంది (1998 వైద్య నోబెల్ ఈ నైట్రిక్ ఆక్సైడ్ పనితీరు కనిపెట్టినందుకే ఇచ్చారు). ఒకే కంచంలో ఇద్దరు చెయ్యి పెట్టినట్టు. నైట్రిక్ ఆక్సైడ్ చేసే ఎంజైమ్ కొంచెం ఆర్జినిన్ ఉన్నా పట్టుకోగలదు, కానీ ఆర్జినేజ్ వేగం దానికి వెయ్యి రెట్లకు పైనే, అందుకే ఉండకూడని చోట చేరితే కంచం ఖాళీ అవుతుంది. పైగా అది వదిలే ఆర్నిథిన్ నుంచి కొలాజెన్‌కి (కణజాలాన్ని పట్టి ఉంచే ప్రొటీన్) కావాల్సిన ప్రోలిన్, కణాలు పెరగడానికి వాడుకునే పాలీఅమైన్లు తయారవుతాయి. పుండు మానేటప్పుడు ఇది మంచిదే. ఆస్తమాలో మాత్రం ఒకవైపు శ్వాసనాళాలు వదులవ్వవు, ఇంకోవైపు వాటి గోడలు మందమవుతాయి, ఈ రెండింటిలోనూ ఆర్జినేజ్ చెయ్యి ఉందని పరిశోధనలు చెబుతున్నాయి.

ఇప్పుడు ల్యాబ్ సంగతి. ఆర్జినేజ్‌కి మాంగనీస్ కావాలి, అందుకని శాంపిల్‌లో మాంగనీస్ క్లోరైడ్ కలిపి 55 డిగ్రీల దగ్గర కాసేపు వేడి చేసి, ఆర్జినిన్ పోసి, చివరికి ఎంత యూరియా వచ్చిందో రంగుని బట్టి చూస్తాం. రక్తం శాంపిల్స్‌తో మాకు ఒకటే తలనొప్పి. సూది సరిగ్గా పడకో, ట్యూబ్‌ని గట్టిగా ఊపడం వల్లో ఎర్ర కణాలు పగిలితే ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) పసుపుగా కాక ఎర్రగా ఉంటుంది, దాంట్లో ఆర్జినేజ్ రీడింగ్ ఆకాశంలో ఉంటుంది. ఎందుకంటే మన ఎర్ర కణాల్లోనూ ఆర్జినేజ్ ఉంది. అలాంటి శాంపిల్స్ పక్కన పారేసేవాళ్లం.

మేం పారేసిన ఆ శాంపిల్‌లో జరిగిందే సికిల్ సెల్ ఉన్నవాళ్ల ఒంట్లో రోజూ జరుగుతుంది. వాళ్ల ఎర్ర కణాలు కొడవలిలా వంగి తొందరగా పగిలిపోతాయి, లోపలి ఆర్జినేజ్ ప్లాస్మాలోకి వచ్చి ఆర్జినిన్‌ని తినేస్తుంది. దాంతోపాటు బయటపడ్డ హిమోగ్లోబిన్ ఉన్న కాస్త నైట్రిక్ ఆక్సైడ్‌నీ పీల్చేస్తుంది. రెండు దెబ్బలన్నమాట. ఆర్జినిన్, ఆర్నిథిన్ నిష్పత్తి బాగా పడిపోయిన రోగుల్లో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ, మరణాలు ఎక్కువగా ఉన్నాయని 2005లో అమెరికా పరిశోధకులు చూపించారు. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన మా హాస్టల్ మిత్రుడికి ఈ జబ్బు ఉండేది. నొప్పి వచ్చినప్పుడు వాడు మంచం మీద ముడుచుకుపోతే, వార్డెన్ మొదట్లో పరీక్షలు ఎగ్గొట్టడానికి నాటకం అనుకునేవాడు.

ఎమ్1, ఎమ్2 మాక్రోఫేజ్‌లని (మాక్రోఫేజ్ అంటే రోగనిరోధక కణాల్లో ఒక రకం) మీరు చదివినదాని గురించి ఒక మాట. ఎమ్1 నైట్రిక్ ఆక్సైడ్ చేసి మంట పెడుతుంది, ఎమ్2 ఆర్జినేజ్ చేసి చల్లారుస్తుంది అని అందరూ రాసేది చాలావరకు ఎలుకల కథ. ఎలుక మాక్రోఫేజ్‌లకి ఐఎల్-4 (రోగనిరోధక కణాలు వదిలే ఒక సంకేత ప్రొటీన్) ఇస్తే ఆర్జినేజ్ కుప్పలుగా వస్తుంది, నేనే కొలిచాను. మనుషుల మాక్రోఫేజ్‌లు అలా చేయవు, మనలో రోగనిరోధక కణాల్లో అది ఎక్కువగా న్యూట్రోఫిల్స్‌లో (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఉంటుంది. క్యాన్సర్ గడ్డల దగ్గర కొన్ని కణాలు ఆర్జినేజ్‌తో ఆర్జినిన్ ఖాళీ చేసి, క్యాన్సర్‌తో పోరాడే టీ-కణాలను నీరసపరుస్తాయి, అందుకే దాన్ని ఆపే మందులను ట్రయల్స్‌లో చూస్తున్నారు. చూశారుగా, ఇన్‌ఫ్లమేషన్ పెంచుతుందా తగ్గిస్తుందా అంటే, ఏ కణంలో, ఏ జబ్బులో అని తిరిగి అడగాల్సిందే.

ఇక పొడి. ఆర్జినిన్ తక్కువైంది కదా, పోద్దాం అనిపించడం సహజం. కానీ నోటితో తీసుకున్నదాంట్లో చాలా భాగాన్ని పేగు, లివర్‌లోని ఆర్జినేజే మింగేస్తుంది. 2006లో అమెరికాలో గుండెపోటు వచ్చిన 153 మందితో చేసిన ట్రయల్‌లో ఆర్జినిన్ తీసుకున్నవాళ్లలో ఆరుగురు చనిపోయారు, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో ఒక్కరూ లేరు, అందుకని దాన్ని మధ్యలోనే ఆపేశారు. మీ నాన్నగారికి స్టెంట్ వేశారని రాశారు కాబట్టి మరీ గట్టిగా చెబుతున్నా, కార్డియాలజిస్ట్‌ని అడక్కుండా ఆ డబ్బా ఇంట్లోకి తేవద్దు. గర్భిణులకు డాక్టర్ రాసిచ్చే ఆర్జినిన్ సాషేల సంగతి వేరు, అవి నా మాట విని ఆపేయకండి.

ఆర్జినేజ్ టెస్ట్ పరిశోధనకు పనికొస్తుంది తప్ప మామూలు చికిత్సలో దాన్ని బట్టి మార్చే మందేమీ లేదు. ఇన్‌ఫ్లమేషన్ గురించే టెన్షన్ అయితే సీఆర్‌పీ (ఇన్‌ఫ్లమేషన్‌ని చూపే మామూలు రక్తపరీక్ష) చేయించి డాక్టర్‌కి చూపించండి. మీ ఇంటివైపు ఎవరికైనా సికిల్ సెల్ ఉంటే మాత్రం చేయించాల్సిన పరీక్ష హెచ్‌పీఎల్‌సీ లేదా ఎలక్ట్రోఫోరెసిస్, రెండూ రక్తంలో ఏ రకం హిమోగ్లోబిన్ ఉందో చూపేవే. 2023లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సికిల్ సెల్ మిషన్ కింద ఏజెన్సీ ప్రాంతాల్లో నలభై ఏళ్ల లోపువాళ్లకి స్క్రీనింగ్ చేస్తున్నారు, పీహెచ్‌సీలో అడగండి, ఇది తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే జబ్బు కాబట్టి పెళ్లి సంబంధాలు చూస్తున్నవాళ్లుంటే ముందు వాళ్లని పంపండి.