ఏడుపు సీన్లో కన్నీళ్లు రావడం లేదు, నాలో నటి అయిపోయిందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 36 ఏళ్లు. పరిషత్తు పోటీ నాటకాల నుంచి వచ్చాను, 12 ఏళ్లుగా సీరియల్స్ చేస్తున్నాను. నెలలో 20 రోజులకు పైగా షూటింగే. ఒక సీరియల్లో నాలుగేళ్లుగా అదే అత్త పాత్ర. ఒకప్పుడు సీన్ పేపర్ చేతికొస్తే ఒళ్లు పులకరించేది, ఇప్పుడు ఏమీ అనిపించడం లేదు. ఏడాదిన్నర క్రితం నాన్న పోయారు. ఆయన చివరి రోజులు తలచుకుని ఏడుపు సీన్లు చేసేదాన్ని, ఇప్పుడు అదీ పనిచేయక గ్లిజరిన్ పెట్టుకుంటున్నాను. నిద్ర పట్టడం లేదంటే తోటి నటి అల్‌ప్రాజోలం 0.5 మాత్ర ఇచ్చింది, ఆరు నెలలుగా రోజూ వేసుకుంటున్నాను. ఈమధ్య డైలాగులూ గుర్తుండటం లేదు. నెలసరిలో బ్లీడింగ్ ఎక్కువ. ఇంట్లో పాపతో ఉన్నప్పుడు మాత్రం బాగానే నవ్వుతాను, ఆడతాను. ఇది డిప్రెషనా? – ఒక నటి, హైదరాబాద్

సలహా: నటి సంగతి తర్వాత చూద్దాం అమ్మా, ముందు ఆ మాత్ర సంగతి. అల్‌ప్రాజోలం నిద్ర పట్టిస్తుంది, నిజమే. కానీ కొత్త విషయాలు మనసులో నిలవకపోవడం, పగలంతా మందకొడిగా ఉండటం, భావాలు మొద్దుబారినట్టు అనిపించడం ఆ మందు వాడేవాళ్లలో మేం తరచూ చూసేవే. డైలాగులు గుర్తుండటం లేదన్నారు, ఏమీ అనిపించడం లేదన్నారు, ఈ రెండూ ఆరు నెలల నుంచే ఎక్కువయ్యాయా అని ఒకసారి క్యాలెండర్ చూసుకోండి. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. సెట్లో తలనొప్పి బిళ్లలాగా చేతులు మారుతుంటుంది, ఆ అలవాటు మీ రంగంలో ఎంత మామూలైపోయిందో వింటే నాకు భయమేస్తుంది. అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. రోజూ వాడేవాళ్లు ఒక్కసారిగా ఆపితే నిద్ర పూర్తిగా పోవచ్చు, గుండెదడ, వణుకు, కొందరిలో ఫిట్స్ కూడా రావచ్చు. సైకియాట్రిస్ట్ పర్యవేక్షణలో వారాల తరబడి కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రావాల్సిందే. సెట్లో టీలు ఎన్ని తాగుతున్నారో రాయలేదు. సాయంత్రం నాలుగింటికి తాగిన టీలోని కెఫీన్ రాత్రి తొమ్మిదికి కూడా సుమారు సగం ఒంట్లోనే ఉంటుంది, కాబట్టి మధ్యాహ్న భోజనం తర్వాత టీ, కాఫీలు ఆపి చూడండి.

బ్లీడింగ్ ఎక్కువన్నారు కాబట్టి సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), బి12 పరీక్షలు చేయించి గైనకాలజిస్ట్‌కు చూపించుకోండి. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ తగ్గినా మనిషికి దేని మీదా ఉత్సాహం ఉండదు, అది కళాకారుల్లో 'ప్రేరణ పోయింది' అనే పేరుతో బయటపడుతుంది, అంతే తేడా.

డిప్రెషన్ అయితే సాధారణంగా దిగులు గానీ ఆసక్తి లేకపోవడం గానీ కనీసం రెండు వారాలపాటు దాదాపు రోజంతా ఉంటుంది, సెట్‌కీ ఇంటికీ తేడా చూడదు. పాపతో నవ్వగలుగుతున్నారంటే పని అలసట వైపే నా అనుమానం. బర్నవుట్ అంటున్నది దీన్నే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుగా కాక పనికి సంబంధించిన స్థితిగా చేర్చింది. ఉత్తరం చూసి తేల్చేయలేను, మనిషిని చూడాలి. బతకాలని లేదు అనే ఆలోచన ఎప్పుడైనా వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా 14416కు ఫోన్ చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు ఏ వేళనైనా తెలుగులో మాట్లాడతారు.

ఇక కన్నీళ్లు. భరతుడు నాట్యశాస్త్రంలో ఎనిమిది సాత్త్విక భావాలు, అంటే లోపలి భావం ఒంటిమీద తెలిసే గుర్తులు, చెప్పాడు కదా, స్తంభం (కొయ్యబారిపోవడం), స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు (వణుకు), వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం (స్పృహ తప్పడం). చెమట పట్టడం, వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, రంగు మారడం, కన్నీరు... డాక్టర్‌గా చూస్తే వీటిలో చాలావరకు మన అదుపులో లేని నరాల పనే, రా అంటే రావు. వీటికి మూలమైన సత్త్వం ఏకాగ్రమైన మనసులోంచి పుడుతుందని కూడా ఆయనే అన్నాడు. నిద్రమాత్ర మత్తులో, బహుశా రక్తం కూడా తక్కువై, పొద్దున్నుంచి రాత్రి దాకా లైట్ల కింద నిలబడ్డ మనసుకు ఆ ఏకాగ్రత ఎక్కడినుంచి వస్తుంది? మీకు కరువైంది అదేనని నాకనిపిస్తోంది.

నాన్నగారిని సీన్ల కోసం తలచుకోవడం ఇక ఆపండి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఒకే జ్ఞాపకాన్ని రోజుకు నాలుగు టేకులు చొప్పున తిరగేస్తే దాని పదును పోతుంది, పైగా ఆయన కోసం మీరు మీలాగా ఏడ్వాల్సిన ఏడుపు కెమెరా ముందే ఖర్చయిపోతుంది. నటులను సొంత జ్ఞాపకాలు తవ్వుకోమన్న రష్యన్ నాటక దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ కూడా తర్వాతి కాలంలో పాత్ర చేసే పనుల మీదకే ఎక్కువ దృష్టి మళ్లించాడు. ఆ అత్త ఇప్పుడు ఈ గదిలోకి ఎందుకొచ్చింది, ఎవరి దగ్గర ఏం దాస్తోంది, చేతులతో ఏం చేస్తోంది, అక్కడ మొదలుపెట్టండి. ఆ పూట కన్నీరు రాకపోతే గ్లిజరిన్ పెట్టుకోండి, అందులో సిగ్గుపడేదేమీ లేదు.

మీరు రాయకపోయినా నేను ఊహించే ఇంకో సంగతి ప్రాంప్టింగ్. పక్కనుంచి అసిస్టెంట్ డైరెక్టర్ లైన్ చెప్పడం, మీరు అప్పజెప్పడం, ఎదురుగా మనిషి కూడా లేకుండా రియాక్షన్ షాట్లు ఇచ్చేయడం. నాటకానికి నెలల తరబడి రిహార్సల్ చేసిన మనిషికి ఇందులో మనసు పెట్టడానికి చోటెక్కడ? సీన్ పేపర్ ముందు రోజు రాత్రికి పంపమని కో-డైరెక్టర్‌ను అడగండి. పంపరు, నాకూ తెలుసు, అక్కడికక్కడే రాస్తారు. అయితే మేకప్ టైములో పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి చదవండి, రోజుకు ఒక్క సీనైనా ప్రాంప్టింగ్ లేకుండా చేస్తానని చెప్పండి. షాట్ గ్యాపులో రీల్స్ చూస్తూ కూర్చోకుండా నాలుగడుగులు వేయండి. నడుస్తున్నప్పుడు కొత్త ఆలోచనలు ఎక్కువగా వస్తాయని స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2014లో ప్రయోగం చేసి చూపించారు. ప్యాకప్ అయ్యాక మేకప్ తీసి, చీర మార్చుకుని, ముఖం కడుక్కుని కారెక్కండి, ఆ అత్తను ఇంటిదాకా తీసుకెళ్లకండి.

పరిషత్తుకు మళ్లీ ఒక నాటకం వేయాలని ఉందేమో, వేయండి, కానీ మాత్ర తగ్గి నిద్ర కుదిరాకే. ఈలోపు ఖాళీ ఆదివారం రవీంద్రభారతిలో ఏదైనా నాటకం ఉంటే వెనక వరసలో కూర్చుని చూసి రండి, చాలు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు రిపోర్టులతోపాటు ఆ మాత్రల స్ట్రిప్ కూడా తీసుకెళ్లండి. ఎవరిచ్చారో చెప్పనక్కర్లేదు, ఎన్నాళ్లుగా, రోజుకు ఎన్ని వేసుకుంటున్నారో మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి.